తుమ్మితే ఆగిన హెలికాప్టర్

(2013 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో జరిగిన కృష్ణవేణి గారి సంతాప సభలో దేదీప్య చేసిన ప్రసంగం)

పెద్దలకు, స్నేహితులకు నమస్కారం.

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి విమానమెక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు. మెడలో ఆఫీసు బ్యాడ్జి తీయకుండానే కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చినవాళ్ళు ఉన్నారు. కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు ఉన్నారు. ఈ హాల్లో ఉగాదికి, పిల్లల డాన్సు ప్రోగ్రాములకి కలుసుకునేవాళ్ళం. ఆ రోజుల్లో ఈ మైకు పట్టుకుని "వెనక వరస వాళ్ళు మీ వంటల సంగతి కాసేపు ఆపితే పిల్లలు పాడతారు" అని బతిమాలిన గొంతు కృష్ణవేణి అక్కది. ఇవాళ ఆ గొంతు లేదు. అందుకే ఇలా చేరాం.

రక్తసంబంధం లేకపోయినా నాకు అక్కే. నలభై రెండేళ్ళ మనిషి. సాఫ్ట్‌వేర్ టెస్టర్. ధర్మారావు గారి భార్య, భవిత తల్లి. రెండు వారాల కిందట అలాస్కాలో మంచుచరియ విరిగిపడి చనిపోయింది. హెలికాప్టర్‌లో కొండ కొమ్ము మీద దిగి, అక్కడి నుంచి స్నోబోర్డు మీద కిందికి జారుతూ ఉండగా జరిగింది. అప్పుడు నేను ఆ కొమ్ము మీదే ఉన్నాను. ఆమె తర్వాత వంతు నాది.

మిత్రులారా, ఈ రెండు వారాల్లో ఆ ఇంటికి ఎంతోమంది వచ్చారు. అన్నం తెచ్చారు, గిన్నెలు తోమారు, భవితను స్కూల్లో దింపారు. మనవాళ్ళు మంచివాళ్ళు. కానీ సోఫాలో కూర్చున్నాక అందరూ ఒకటే ప్రశ్న అడిగారు. "ఎలా పంపించారండీ?" ధర్మారావు గారు ప్రతిసారీ ఒకే జవాబు చెప్పారు. "నేను పంపించలేదండీ. తను వెళ్ళింది. నేను ఎయిర్‌పోర్టులో దింపాను." ఈ జవాబు విని కొందరు తల ఊపారు, కొందరు కాఫీ కప్పులోకి చూశారు. వంటింట్లో మాత్రం మాట మారింది. అక్కడ గొంతు తగ్గించి మాట్లాడారు. గొంతు తగ్గిస్తే పిల్లలకు వినపడదని మన నమ్మకం.

భవిత అన్నీ విన్నది. మొన్న నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళి, అమ్మ బోర్డులు నిలబెట్టిన గోడ దగ్గర ఆగి అడిగింది. "దీపూ అక్కా, నిజం చెప్పు. మా అమ్మ కేర్‌లెస్సా? ఆంటీలు అలా అంటున్నారు."

పదమూడేళ్ళ పిల్ల ముందు ఏడ్చాను. తనే లోపలికి వెళ్ళి టిష్యూ పేపరు తెచ్చి ఇచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతాను. పెద్దలారా, నన్ను మన్నించండి. మైకు మీ అందరి ముందూ ఉంది గానీ, నేను మాట్లాడేది ముందు వరసలో నాన్న పక్కన కూర్చున్న భవితతోనే. మీరూ వినండి.

భవితా, మీ అమ్మది రెంటచింతల. మీ క్లాసులో ఎవరికీ ఆ పేరు తెలియదు. ఈ హాల్లో మాత్రం అందరికీ తెలుసు. ఎందుకో తెలుసా? ఆంధ్రలో ఎండలు ముదిరితే వార్తల్లో మొదట వినపడే పేరు అదే. "మా ఊరు రేడియోలోకి ఎక్కేది ఒక్క మే నెలలోనే" అనేది మీ అమ్మ. అలాంటి ఊళ్ళో పుట్టిన మనిషికి మంచు ఎలా పట్టుబడింది? నీ వల్లే. చిన్నప్పుడు నిన్ను లేక్ టాహో దగ్గర స్కీయింగ్ క్లాసులో చేర్పించి, తను పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని అద్దాల గదిలో కూర్చునేది. మిగతా అమ్మలు ఫోన్లలో మాట్లాడుకునేవారట. తను మాత్రం కొండనే చూస్తూ కూర్చునేదట. రెండో వారం డబ్బా పక్కనపెట్టి, ఒక బోర్డు అద్దెకు తీసుకుని, పిల్లలు నేర్చుకునే వాలు మీదికి వెళ్ళింది. నడుం ఎత్తు కూడా లేని పిల్లల మధ్య ముప్పై దాటిన మనిషి! పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఎవరో పెద్దావిడ జాలిపడి "ఎందుకమ్మా ఈ వయసులో?" అంటే, "పడటం ఎట్లాగో ముందు నేర్పుతున్నారండీ, ఇంతకాలం అది నేర్పినవాళ్ళే లేరు" అందట.

అలా మొదలైన మనిషి కొన్నేళ్ళకు, మనుషుల్ని కొండ పైకి మోసే లిఫ్టులు ఎక్కడాగిపోతాయో అక్కడి నుంచి పైకి చూడటం మొదలుపెట్టింది. హెలికాప్టర్ తప్ప మరేదీ వెళ్ళలేని కొండలు. నేను ఆమెను కలిసింది అప్పుడే. చదువు ముగించి, నాలుగేళ్ళలో మూడు ఉద్యోగాలు మారి, దేని మీదా కాలు నిలవని రోజులవి. నన్ను ఒక్క చూపు చూసి "నీకు కావాల్సింది కొత్త ఉద్యోగం కాదు, మంచి కొండ" అంది.

ఆ కొండల మీదికి మమ్మల్ని ఊరికే తీసుకెళ్ళిందా? లేదు. ధనమ్మ గారు ఇక్కడే ఉన్నారు, ఆమెకు గుర్తుండే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ల మధ్య ఇసుక పోసిన వాలీబాల్ కోర్టు ఉంది. ప్రతి శనివారం అక్క ఆ ఇసుకలో ఒక బీకన్ పాతిపెట్టేది. బీకన్ అంటే మంచులో కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో చెప్పే చిన్న యంత్రం. కొండ మీద అందరి ఒంటికీ ఒకటి ఉంటుంది. మాతో కొండలకు వచ్చే కుర్రాడు రోహన్, నేను మా చేతిలోవి పట్టుకుని, కూత వింటూ, అటూ ఇటూ పరుగెత్తి దాన్ని వెతకాలి. మా ఒగర్పు చూసి, వాకింగ్‌కు వచ్చిన ధనమ్మ గారు కంగారుపడి "ఏం పోగొట్టుకున్నారమ్మా? మంగళసూత్రమా?" అని అడిగారు. అక్క గట్టు మీద కూర్చుని నవ్వుతూ "నన్నేనండీ పిన్నిగారూ. వెతుకుతున్నారు, తొందరగా దొరికితే బాగుండు" అంది. ధనమ్మ గారు చెప్పులు విప్పి తనూ ఇసుకలోకి దిగారు.

అప్పుడు అందరం నవ్వాం. ఆ నవ్వును నేను వెనక్కి తీసుకోను. ఆమె భయాన్ని అలా నవ్వుతూ కూర్చోబెట్టి మరీ పాఠం చెప్పేది.

ఇక తుమ్ము సంగతి.

కొండ మీద ఒక నియమం ఉంది. గుంపులో ఏ ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి తిరగాలి. కారణం అడగకూడదు. మంచి నియమమే. కానీ మన దగ్గర పని చేస్తుందా? పెళ్ళివారింట్లో నాలుగో గారె వద్దనడం రాదు మనకు. ఆఫీసులో ఆదివారం పని వద్దనడం రాదు. హెలికాప్టర్ ఎగిరి వచ్చి, శిఖరం మీద దింపి, అందరూ ఉత్సాహంగా ఉంటే, ఎవరు నోరు విప్పి "నాకు భయంగా ఉంది" అంటారు? అక్క అనేది: "మన తెలుగోళ్ళని మంచు కంటే ముందు మొహమాటం చంపుద్ది."

అందుకని మాకొక ఉపాయం చెప్పింది. "భయమని చెప్పబాకండి. తుమ్మండి. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము తుమ్మితే ఆగాలని మీ అమ్మమ్మలు చెప్పలా? కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి ఇంటికి పోదాం." మా గైడ్లకు కూడా ఇది నేర్పింది. అలాస్కా గైడ్లు గడ్డాలు నిమురుకుంటూ రెంటచింతల శాస్త్రం వినడం నేను కళ్ళారా చూశాను.

పోయిన ఏడాది మార్చిలో, పొద్దున్నే, ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. ముందురోజు మంచు కురిసి ఆగింది. అలాంటి రోజు కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. కొమ్ము మీద దిగాం. హెలికాప్టర్ వెళ్ళిపోయింది. బోర్డులు కాళ్ళకు బిగించుకున్నాం. అప్పుడు రోహన్ తుమ్మాడు. ఒక్కటే తుమ్ము. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. కాళ్ళ బిగింపులు విప్పేసి, గైడ్ వైపు తిరిగి రేడియో చూపించింది. హెలికాప్టర్ మళ్ళీ వచ్చింది. ఆ రోజు మేం దిగలేదు. సాయంత్రం దాకా లాడ్జ్‌లో కూర్చుని కిటికీలోంచి ఆ కొండనే చూశాం. మిగతా గుంపులు దిగి వచ్చి ఎంత బాగుందో చెప్పుకుంటుంటే విన్నాం.

అన్నం తినేటప్పుడు రోహన్ తల వంచుకుని చెప్పాడు. "అక్కా, సారీ. అది భయం కాదు. నిజం తుమ్మే. జలుబు చేసింది." నాకు కోపం వచ్చింది. అతని ప్లేటు లాక్కుందామనుకున్నాను. అక్క ఏమందో తెలుసా? "నిజం తుమ్మో దొంగ తుమ్మో తేల్చడం మొదలుపెడితే, రేపు ఎవడూ తుమ్మడబ్బాయ్." అని, అతనికి మిరియాల చారు పెట్టించింది. అలాస్కాలో మిరియాల చారు ఎక్కడిది అంటారా? పొడి డబ్బా ఆమె సూట్‌కేసులోనే ఉండేది.

భవితా, అజాగ్రత్త మనిషి ఇలా ఉంటుందా?

కానీ ఇంతటితో ఆపేస్తే నీకు సగమే చెప్పినట్టు. మీ అమ్మ జాగ్రత్తలన్నీ ఏకరువు పెట్టి, ఆమె సంతోషాన్ని దాచేస్తే, నువ్వు పెద్దయ్యాక నన్ను నిలదీస్తావు. ఆమె ఆ కొండల మీదికి ఎవరినో రక్షించడానికి వెళ్ళలేదు. పతకం కోసం వెళ్ళలేదు. సంతోషం కోసం వెళ్ళింది. ఆ సంతోషం ఎలాంటిదో వాలు మీద పక్కనున్నదాన్ని కాబట్టి చెప్పగలను.

హెలికాప్టర్ వదిలి వెళ్ళేటప్పుడు రెక్కల గాలికి అందరం సంచుల మీద బోర్లా పడుకుంటాం. చెవులు మూసుకుపోతాయి. అది లోయలోకి దిగిపోయాక తల ఎత్తితే, మనం నిలబడ్డ చోటు పిట్టగోడంత వెడల్పు. రెండు పక్కలా ఆకాశమే. కింద ఒక్క అడుగు గుర్తు లేని తెలుపు. అప్పుడు బోర్డు ముక్కు కిందికి తిప్పాలి. తర్వాత మంచు లేచి ఛాతీ దాకా వస్తుంది, పిండి జల్లెడ కింద నిలబడ్డట్టు ఉంటుంది. ప్రతి మలుపులోనూ ఒళ్ళు బరువు కోల్పోయి మళ్ళీ తెచ్చుకుంటుంది. మీ అమ్మ అరుస్తూ దిగేది. ఏదో ఇంగ్లీషు అరుపు కాదు, "ఓరి నాయనో!" అని. కొండలు దాన్ని తిరిగి చెప్పేవి. కిందికి చేరాక వెల్లకిలా పడుకుని అనేది: "ఆఫీసులో రోజంతా ఇంకొకళ్ళ తప్పులు వెతుకుతా. ఇక్కడ ఎదురుగా ఉన్న ఒక్క మలుపు చూసుకుంటే చాలు. ఎంత హాయో!"

ఆ హాయికి ప్రమాదం ఉందని ఆమెకు తెలుసు. తెలియకుండా వెళ్ళిందని ఎవరైనా నీకు చెబితే నమ్మకు.

రెండు వారాల కిందటి ఆ రోజు గైడ్ మంచులో గొయ్యి తవ్వి పొరలు చూశాడు. చేయితో కొట్టి చూశాడు. ఫరవాలేదన్నాడు. అక్క మా మొహాలు చూసి "ఎవరికైనా జలుబు చేసిందా?" అని అడిగింది. ఎవరికీ చెయ్యలేదు. గైడ్ దిగాడు. రోహన్ దిగాడు. అక్క నా వైపు తిరిగింది. వాలు మీద ఒకరు కిందికి చేరాకే మరొకరు దిగాలన్నది ఆమె పట్టు. కొందరు దగ్గర దగ్గరగా దిగుతారు, వీడియోలో బాగుంటుందని. నాకూ అలాగే దిగాలని ఉండేది. నాకు ఓపిక తక్కువని ఆమెకు బాగా తెలుసు. "నేను కింది నుంచి చెయ్యి ఊపేదాకా కదలబాకు" అంది. వెళ్ళింది.

ఇద్దరి బరువు మోసిన మంచు మూడో మనిషి కింద విరిగింది.

ఆమె వీపు సంచిలో, మనిషిని మంచు పైకి తేల్చే గాలి తిత్తి తెరుచుకుంది. రోహన్, గైడ్ క్షణం ఆలస్యం చేయకుండా వెతికారు. ఇసుకలో నేర్చుకున్నట్టే వెతికారు, నేర్చుకున్నంత తొందరగానే కనిపెట్టారు. కానీ మంచుతో కొట్టుకుపోతూ బండకు గుద్దుకున్న దెబ్బ అప్పటికే పని ముగించిందని డాక్టరు చెప్పారు. రోహన్, నువ్వు వెనక వరసలో ఉన్నావు, నాకు కనిపిస్తున్నావు. నువ్వు ఆలస్యం చేయలేదు. ఈ మాట ఈ సభలో, అందరి ముందూ అంటున్నాను.

నేను కదలలేదు. చెయ్యి ఊపేదాకా కదలొద్దంది కాబట్టి. ఆమె వెనకే దిగి ఉంటే, విరిగిన ఆ చరియలో నేనూ ఉండేదాన్ని. ఇక్కడ మైకు ముందు ఈ మనిషి ఉండేది కాదు.

భవితా, నువ్వడిగిన దానికి జవాబు ఇది. మీ అమ్మ అజాగ్రత్తగా ఏమీ చేయలేదు. ఇష్టమైన పని చేసింది. దాంట్లో ప్రమాదం ఉందని తెలిసి చేసింది. నీ దగ్గరికి తిరిగి రావడానికి మనిషి చేయగలిగినవన్నీ చేసింది. అయినా రాలేకపోయింది. ఈ మాటల్లో ఏ ఒక్కటీ మిగతా వాటిని అబద్ధం చేయదు. నీకు ఆమె మీద కోపం రావచ్చు. నాకూ వస్తోంది. ఆ కోపం నీ హక్కు. కానీ అది నీదై ఉండాలి, వంటింట్లో విని తెచ్చుకున్నది కాకూడదు.

అక్కలారా, అన్నలారా, పిన్నిగార్లూ, బాబాయిగార్లూ, ఇక ఆ ఇంటికి వెళ్ళినప్పుడు "ఎలా పంపించారు" అని అడగకండి. అడగాలనిపిస్తే ఆమె కొండ మీద ఏమని అరిచేదో అడగండి. ఆ జవాబు ధర్మారావు గారికి తెలుసు, భవితకు తెలుసు. చెబుతూ నవ్వుతారేమో కూడా.

ఇప్పుడు ఒక నిమిషం కృష్ణవేణి అక్క కోసం. ఫోన్లు పక్కన పెట్టి, ఓపిక ఉన్నవారందరూ దయచేసి లేచి నిలబడండి.

భవితా, నువ్వు లేవక్కర్లేదు. నాన్న చెయ్యి పట్టుకుని కూర్చో. నీ కోసం మేం నిలబడతాం.