గల్లి దిక్కు దర్వాజ

పటాన్‌చెరులో ఇంటి ప్లాన్లు గీసే ఇంజనీరు ముందర ఆమె స్టూలు అంచున కూర్చుంది. ఇంటి వెనక కొత్తగా ఒక గది వేసుకునేందుకు పంచాయతీలో పర్మిషన్ కోసం పెట్టే కాయితాలకు ప్లాన్ జతచేయాలి.

"వెనక అర్రకు గల్లి దిక్కు దర్వాజ పెట్టు సారూ."

"గల్లి దిక్కు జాగ ఇడువలేదు గదమ్మా, పర్మిషన్ రాదు. అయినా గా అర్రకు వేరే దర్వాజ ఎందుకు?"

"ఇంకో ఐదు నెలలకు బిడ్డ పురుటికొస్తది. చర్చిల లగ్గం చేసుకున్నదని వాళ్ల నాయిన దాని మొకం సూస్తలేడు. ఆయన ముందలికెల్లి ఎట్ల వస్తది?"

"వస్తనన్నదా?"

"అనలేదు. తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల గాకుంటె ఇంకేడ? అది ఉండేది చిట్కుల్‌ల కిరాయి అర్ర. నొప్పులొస్తె ఆటో దొరుకుతదో లేదో, పక్కన ఎవరుంటరో. నాకైతే నిద్ర వడ్తలేదు."

"హాల్లకే పెట్టాలమ్మా. వేరే తొవ్వ లేదు."

"హాల్ల ఆయన మంచం ఉంటది."

"ఉండనీ. కడుపుతోని ఉన్న బిడ్డ ముందల తిరుగుతుంటె ఎన్ని దినాలు గోడ దిక్కు మొకం పెట్టి పంటడు?"

ఆమె పెన్సిలు గీతల మీద హాల్లో నుంచి వెనక గది దాకా వేలు జరిపి చూసుకుంది.

"అయితే హాల్లకే పెట్టు. గడప మాత్రం ఎత్తు పెట్టకు సారూ. అప్పటికి నిండు మనిషైతది, కాలు తట్టుకుంటది."