దిగని ఆట

అలబామాలో కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ చివరి ఆట అయిపోయింది. మోకాలికి పట్టీతో ఇంటికొచ్చిన మనవడికి మొక్కజొన్న రొట్టె పెట్టాను.

“ఆఖరి ఏడాది పిల్లలకి ఇవాళ వీడ్కోలు కదరా. ఒక్కసారి మైదానంలోకి దిగితే ఏం పోయేది? ఊరంతా నీ పేరే అరిచింది.”

“కోచ్ నన్నే తేల్చుకోమన్నాడు, నానమ్మా. కాలేజీలో ఎవరినైనా నాలుగేళ్లే ఆడనిస్తారు. రెండో ఆటలోనే మోకాలు పోయింది కాబట్టి ఈ ఏడాది ఆ లెక్కలోకి రాదు, వచ్చే ఏడాది మళ్లీ ఆడొచ్చు. ఇవాళ చప్పట్ల కోసం దిగుంటే ఆ ఏడాది కాస్తా పోయేది.”

“అయితే నీ కొంప ముంచబోయింది నేనేనన్నమాట.”

“అందరికన్నా నీ గొంతే గట్టిగా వినబడింది.”

“అయినా కదల్లేదు. మీ తాత ఆ మైదానంలో పరుగెడుతుంటే చూసి పొంగిపోయేదాన్ని. ఊరికే కూర్చున్నవాణ్ణి చూసి పొంగిపోవడం ఇదే మొదలు. ఇంకో ముక్క తిను, వచ్చే ఏడాది పరుగెత్తాలి.”