బోర్డు మీది అనలిస్టు

తెనాలిలో ఒక మేడ మీద పిల్లల థెరపీ సెంటర్. గుమ్మం పక్కన ‘శిల్ప, బిహేవియర్ అనలిస్ట్’ అని ఇంతింత అక్షరాల బోర్డు. మాటలు రాని కొడుకు రాఘవని ఇంట్లో అత్తగారికి అప్పగించి, బాపట్ల జిల్లా నగరం అనే ఊరి నుంచి పొద్దుటి బస్సుకి వచ్చి పడింది హేమ.

“కూర్చోను. ముందు నువ్వెవరో చెప్పు.”

“అదేంటక్కా! ఏడాదిగా రాఘవని చూస్తన్నా, నేనెవరినంటారేంటి?”

“చూడ్డానికి నీకున్న అర్హతేంటని. బాపట్లలో డాక్టరుగారు అడిగారు, ఆ అమ్మాయి టెక్నీషియనా, అసిస్టెంట్ అనలిస్టా, అనలిస్టా అని. తెల్లమొహం వేశాను.”

“అయ్యన్నీ పేర్లేనక్కా. పని ఒకటే.”

“ఒకటేనా? ఏం చెయ్యాలో రాసేది అనలిస్టంట. అసిస్టెంట్ కూడా ఆవిడ కనుసన్నల్లోనే ఉండాలంట. అందరికన్నా కింద టెక్నీషియనంట, రాసిచ్చింది చేయించడమే పనంట. నువ్వే మెట్టు?”

“టీ తాగుతారా అక్కా?”

“శిల్పా!”

“టెక్నీషియన్నే. బోర్డు మా సార్ రాయించారు, నేను కాదు.”

“రోజూ దాన్ని చూస్తానే లోపలికొచ్చావుగా! మరి నీ పైనుండే ఆవిడేది?”

“హైదరాబాద్ మేడమ్… వీడియోలో చూసేవారు. ఉగాదికి ముందే మానేశారు.”

“మరి రాఘవ చెవి మీద కొట్టుకుని ఏడుస్తుంటే వాడికేసి చూడొద్దని రాసిందెవరు?”

“అది… మేడమ్ వేరే బాబుకి రాసిందేనక్కా.”

“వేరే బాబుకి! మావాడికి తగిలించావు!”

“ఇద్దరిదీ ఒకటే అలవాటు. మనం చూడాలనే చేస్తారు. చూడకపోతే మానేస్తారు. మానేశాడుగా! మీరే సంబరపడి జిలేబీ పంచారు సెంటరంతా.”

“పంచాను. ‘బిడ్డ గుక్కపట్టాడే, ఎత్తుకోవే’ అని మా అత్తగారు మొత్తుకుంటే ఆవిడ నోరు మూయించాను. మా శిల్ప మేడమ్‌కి తెలీదా అన్నాను. గోడకేసి తిరిగి కూర్చున్నాను, కన్నతల్లిని!”

“గుణమొచ్చింది కదక్కా, మరి ఈ కోపం దేనికి?”

“దిండు మీద మరకైతే తలనూనె అనుకున్నా. నిన్న వాసనేసింది. బాపట్ల తీసుకెళ్తే, చెవి నిండా చీమంట. అనలిస్టయితే ఏదీ మొదలెట్టకముందే చెవి చూపించమనేదంట.”

“అయ్యో! అయినా ఏడవట్లేదుగా అక్కా. అంటే నొప్పి తగ్గినట్టేగా—”

“తగ్గదా మరి! చెవిపొర చిరిగి చీము బయటకి దారి చేసుకున్నాక నొప్పి తగ్గుద్దంట. వాడి చెవి పగిలిన రోజునే, శిల్పా, మనం జిలేబీ తిన్నాం.”