కోడలి ఫైలు జిరాక్సు

ఆసుపత్రిలో రోగుల ఫైళ్ళ గది. కిటికీకి ఇవతల నేను, అవతల గుమాస్తా.

"ఇంతా? మా కోడలి ఫైలు జిరాక్సు తీసిమ్మన్నాను నాయనా, ఆసుపత్రి నా పేర రాసిమ్మనలేదు."

"రేటు అంతే. కడితే కట్టు, లేదా పక్కకి జరుగు. వెనక జనం ఉన్నారు."

"ఉండనీ, వాళ్ళూ వింటారు. ఇదేంటి, ఖాళీ కాగితానికీ డబ్బులేశావు?"

"వెనక వైపు. అదీ పేజీయే."

"దానిమీద ఈగ వాలిన మరకైనా లేదే! మరి ఈ కింద అంకె?"

"ఫైలు వెతికినందుకు."

"ఎక్కడ వెతికావూ? నీ టీ గ్లాసు దానిమీదే ఉందిగా!"

"నిన్న వెతికాను."

"ఆహా. మరి గోడమీద కాగితం ఏమంటోంది?"

"ఏ కాగితం?"

"ఫ్యాను పక్కన, పిట్టలు తప్ప మనుషులు చదవకుండా అంటించారే, అది. నాకు చదువు రాకపోతేనేం, నా వెనకాయన చదివిపెట్టాడు. జిరాక్సుకి అయిన ఖర్చు తప్ప రోగి దగ్గర పైసా ఎక్కువ తీసుకోకూడదట. సర్కారు ఆర్డరట."

"అది రోగికి. నువ్వు రోగివా?"

"రోగి సంతకం పెట్టి పంపింది, ఇదుగో చీటీ. ఆ కాలుతో మీ మెట్లన్నీ ఎక్కి రమ్మంటావా?"

"కోడలి కోసం ఇంత రచ్చ చేసే అత్తని నిన్నొక్కదాన్నే చూశా."

"చూడు, కళ్ళారా చూడు. కుట్టుమిషను తొక్కి తొక్కి నా ఇల్లు నిలబెట్టిన కాలు అది. ఎల్లుండి మోకాలి కిందనుంచి తీసేస్తారట మీవాళ్ళు! ఇక్కడ చేసిన పరీక్షలన్నీ తెస్తే, కాలు దక్కే దారుందేమో చూస్తానన్నాడు ఇంకో డాక్టరు. రేపు పొద్దున్నే తీసుకెళ్ళాలి."

"ఇంకో డాక్టరా? ఎవరు?"

"నీకెందుకు?"

"ఆగు, ఫోను చేసుకోనీ... హలో సార్. ఆ కాలు కేసు సార్. కాదు సార్, ఫైలు బయట చూపిస్తారట... గోడమీద ఆర్డరు కూడా చదివించుకుంది సార్... అలాగే సార్. అలాగే... పెద్దమ్మగారూ, కూర్చోండి. మంచినీళ్ళు తెప్పించనా?"

"ఇందాకటిదాకా పక్కకి జరగమన్నావు. ఈ 'గారు' ఎప్పుడు మొలిచింది?"

"అసలు డబ్బే వద్దన్నారు మా పెద్ద డాక్టరుగారు. ఫైలు మొత్తం ఊరికే ఇచ్చేస్తాం."

"ఊరికేనా?"

"ఊరికేనండీ. ఇక్కడ చిన్న సంతకం. వేలిముద్రైనా చాలు."

"ఏమని రాసుంది?"

"ఏముందండీ, మామూలే."

"ఆ మామూలే చదువు. లేదంటే నా వెనకాయన చదువుతాడు."

"అంటే... ఈ కాగితాలు వేరే ఏ డాక్టరుకీ చూపించబోమని..."

"అయితే ఆ కాలు తియ్యక్కర్లేదని మీకూ తెలుసన్నమాట!"