తొమ్మిది వందలు చాలు అత్తయ్యా

ట్రాములకు కరెంటు పరికరాలు చేసే కార్ఖానాలో టెస్టింగ్ గది. మందపాటి గాజుకు అవతల బల్ల మీద ఒక కన్వర్టర్. ఇవతల టెస్టింగ్ ఇన్‌స్పెక్టర్, డిజైన్ ఇంజనీరైన ఆమె కోడలు, కొనుగోళ్ల ఆఫీసరైన ఆమె కొడుకు.

"…అందుకే అంటున్నా అత్తయ్యా, తొమ్మిది వందల వోల్టులు చాలు. అక్కడితో ఆపేసి సంతకం పెట్టేయండి."

"ఇక్కడ అత్తయ్యెవరే? నేను టెస్టింగ్ ఇన్‌స్పెక్టర్‌ని."

"సరే, ఇన్‌స్పెక్టర్ గారూ. తొమ్మిది వందలు చాలు."

"ఎవరన్నారు చాలని?"

"టెస్టింగ్ కాగితంలో ఉందమ్మా."

"నిన్నడగలేదురా. డిజైన్ చేసిన అమ్మాయిని అడుగుతున్నా. నువ్వు సరుకు కొనేవాడివి, కొనుక్కో."

"కొనేశానుగా, నలభై కన్వర్టర్లకీ! రేపు పొద్దున్న ఆ సరుకుతో లారీ వస్తోంది. లైట్లు ఎప్పుడు, తలుపులు ఎప్పుడు అని ట్రాముల వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

"అమ్మాయ్, ట్రాము పైన తీగలో ఎంత ఉంటుంది?"

"ఏడువందల యాభై. డీసీ."

"నీ కన్వర్టర్ దాన్ని ఎంతకి దించుతుంది?"

"ఇరవై నాలుగుకి. లైట్లకీ తలుపులకీ."

"మరి వాలు దిగుతూ ట్రాము బ్రేకు వేస్తే?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా…"

"నువ్వాగరా. వేస్తే?"

"మోటారు కరెంటుని వెనక్కి తోస్తుంది. తీగలో… కాస్త పెరుగుతుంది."

"కాస్తంటే?"

"కాస్తంటే… కాస్తే అత్తయ్యా."

"నీ నోట్లోంచి అంకె రావాలంటే నీక్కూడా వోల్టేజీ పెట్టాలా?"

"వెయ్యి."

"ఆ. మరి కాగితంలో తొమ్మిది వందలని రాసిందెవరు?"

"ఎవరో… అక్షరాలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి అత్తయ్యా."

"ఉండవూ మరి! పక్కన కూర్చోబెట్టుకుని నేనే దిద్దించా."

"సరే, నేనే మార్చా. విను ముందు. లోపలికొచ్చే వోల్టేజీ మొత్తం మోయడానికి ఈవిడ పన్నెండు వందలు తట్టుకునే కెపాసిటర్ అడిగింది. అది రావడానికి ఆరు వారాలు. నాలుగొందల యాభైవి బజార్లో గుట్టలుగా ఉన్నాయి. రెండు వరసగా కలిపితే తొమ్మిది వందలు. లెక్క సరిపోయిందా లేదా?"

"సరిపోయింది. ఆ రెండూ చెరిసగం మోస్తామని నీకు మాటిచ్చాయా?"

"చెరిసగం కాక?"

"మొన్న నువ్వూ మీ తమ్ముడూ బీరువా ఎత్తారు, చూశాగా చెరిసగం! వాడు బీరువా మోశాడు, నువ్వు మూలుగు మోశావు."

"అత్తయ్యా, ఆయన్ని వదిలేయండి. వెయ్యి మాత్రం వద్దు. దయచేసి వద్దు."

"వద్దా?"

"వద్దంటే వద్దు."

"అయితే ఇద్దరూ గాజుకి ఇటే ఉండండి. పెంచుతున్నా. ఏడువందల యాభై."

"భలే! ఎంత నిమ్మళంగా ఉందో చూడు."

"ఎనిమిది వందలు… తొమ్మిది వందలు."

"అయిపోయింది! కాగితం ప్రకారం అయిపోయింది. ఇక ఆపమ్మా. అమ్మా, ఆపు. అమ్మా, వింటున్నావా?"

"వింటున్నా. అది ఈల వేస్తోంది. తొమ్మిదివందల యాభై…"

"అమ్మా!"

"వెయ్యి."

"అమ్మో! ఏంటా చప్పుడు?"

"నీ మొదటి నాలుగొందల యాభై. ఇప్పుడు వెయ్యీ రెండోదాని నెత్తిన…"

"అయ్యబాబోయ్!"

"…పడుతుంది అనబోయా. ఈలోపే పోయింది."

"ఛీ, ఏంటీ కంపు! కళ్ళు మండుతున్నాయి."

"గాజు అడ్డం ఉంటేనే నీకిలా ఉందా? ట్రాములో నీ పెట్టె సీటు కిందే ఉంటుంది నాయనా. పైన ఎవరో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. ఇది పోయిందంటే తలుపులు కూడా తెరుచుకోవు."

"ఊఁ…"

"ఏం ఊఁ?"

"లారీ వద్దని చెబుతా. పన్నెండు వందలవే తెప్పిస్తా. కానీ ఆరు వారాలంటే ట్రాముల వాళ్ళకి ఏం చెప్పను?"

"నిజం చెప్పు. నీ నోట కొత్తగా ఉంటుంది, శ్రద్ధగా వింటారు."

"వెళ్తున్నా. అమ్మా… ఈ పేలుడు సంగతి నాన్నకి చెప్పకు."

"నడువ్! …వెళ్ళాడా?"

"మెట్లు దిగుతున్నారు. అత్తయ్యా, ఒక మాట. కోప్పడకూడదు."

"ముందు చెప్పు. కోపం సంగతి తర్వాత."

"ఇది పేలాలనే తెచ్చాను. ఆ కెపాసిటర్లు వద్దని ఆయనకి మూడుసార్లు చెప్పాను. ఇంట్లో చెబితే 'ఆఫీసు గొడవలు ఆఫీసులో' అంటారు. ఆఫీసులో చెబితే 'ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం' అంటారు. మధ్యలో బండి మీద పది నిమిషాలు దొరుకుతాయా, హెల్మెట్ పెట్టుకుని ఏం వినపడట్లేదంటారు!"

"అందుకని?"

"మిమ్మల్ని ఏదైనా వద్దంటే అదే చేస్తారుగా. అందుకే… వద్దు వద్దన్నా."

"అంటే నన్ను ఆడించావన్నమాట."

"తప్పే అత్తయ్యా. ఇంకేం దారి తోచలేదు. అదేంటి… నవ్వుతున్నారు?"

"ఆ మూల గుడ్డ కప్పి ఉంది చూడు. తియ్యి."

"ఇదీ మన కన్వర్టరే! అయ్యో, ఇది కూడా కాలిపోయి ఉందేంటి?"

"పొద్దున మీరిద్దరూ రాకముందే దాన్ని పేల్చి, రిపోర్టు రాసేసి, కిటికీలన్నీ తీసి కంపు పోగొట్టుకున్నా. ఈ రెండోది వాడి చెవుల కోసం."