పిడికిలి కింద మిగిలిన గడ్డం

ముందు నువ్వేం చూశావో చెప్పరా. వెనక్కి వాలి కూర్చున్నావు, ఎదురుగా అద్దం ఉంది, కళ్ళు తెరిచే ఉంచావా, మూసుకున్నావా? ఆ సెలూన్‌వాడి చేతులు ఎక్కడున్నాయి? ఒకటి కణత మీద, ఇంకొకటి దవడ కింద. అంతేనా? దవడ టక్కుమనిపించాడు, నీకు హాయిగా ఉంది. ఎందుకుండదూ! ఇలా వెలుతురులోకి రా. నోరు తెరు. మెల్లగా, మెల్లగా. ఇప్పుడు మూయి. చెవి ముందర వేలు పెట్టి చూడు, ఇదిగో ఇక్కడ, నోరు తెరిస్తే గుంట పడి లోపలేదో కదులుతుందే, అక్కడ. చప్పుడేమీ లేదా? నొప్పి? సరే, నీ అదృష్టం బాగుంది. కూర్చో. నవ్వకు. నాకు ఒళ్ళు మండుతోంది, నువ్వు నవ్వకు. మా బావ ఉంటే నిన్నిలా నవ్వనిచ్చేవాడు కాదు. అదే, మా అక్క భర్త. నువ్వు పుట్టక ముందే పోయాడులే. సెలూన్ నడిపేవాడు. మెటికల బావ అనేవాళ్ళు. నాకు వరసైన బావ కానీ, వీధి వీధంతా బావా అనే పిలిచేది, పెద్దాచిన్నా లేకుండా.

ఆ సెలూన్ చూడాలి నువ్వు. అద్దానికెదురుగా ఇంకో అద్దం. కుర్చీలో కూర్చుంటే నీ ముఖం వెనక నీ మెడ, మెడ వెనక మళ్ళీ ముఖం, అలా లోపలికి పోతూనే ఉంటుంది. కుర్చీ చేతుల మీద రంగు పోయి ఇనుము తేలింది. బెంచీ మీద జనం. అందులో సగం మందికి జుట్టే లేదు! మరెందుకొచ్చారు? మెటికలకి. వేళ్ళు, మణికట్టు, మెడ, వెన్ను, అన్నీ విరిచేవాడు. చివర్న దవడ. అది ఆయన సొంత విద్య. మెడ ఎవడైనా తిప్పుతాడు, దవడ మాత్రం మా బావ ఒక్కడే. టక్కుమంటే బెంచీ మీదున్నవాళ్ళు కూడా ఆహా అనేవాళ్ళు, తమ దవడే విరిగినట్టు. మా అక్క అనేది, "ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ విరుస్తాడు, నా నడుము పట్టేసిందంటే మాత్రం వేడినీళ్ళు కాచుకోమంటాడు" అని. ఎక్కడున్నాను? ఆ, దవడ.

లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవాడు. సన్నగా, మెత్తగా, గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి. ఒకరోజు గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. పనయ్యాక బావ పటిక రాస్తుంటే చెవి దగ్గర వేలు పెట్టుకుని, "ఈమధ్య నమిలితే ఇక్కడ చప్పుడొస్తోందయ్యా" అన్నాడట. అంతే. అన్నది అంతే. ఇక మా బావ ఆగుతాడా? బెంచీ నిండా మనుషులున్నారాయె. "దానికింత ఆలోచనెందుకు మాస్టారూ, ఒక్క దెబ్బకి దారికి తెస్తా!" అన్నాడు. మాస్టారు ఏదో అనబోయాడట, చెయ్యి కూడా కొంచెం లేపాడట. బావ దాన్ని సరే అనుకున్నాడు. పట్టుకున్నాడు. తిప్పాడు.

టక్కుమనలేదురా. ఇంకో రకం చప్పుడొచ్చింది. మాస్టారు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. కింది దవడ ముందుకొచ్చేసింది. చూసేవాళ్ళకి నవ్వుతున్నట్టుందట, పెద్దగా, పళ్ళన్నీ బయటపెట్టి. బెంచీ మీదవాళ్ళు గొల్లుమన్నారు. "మాస్టారు నవ్వడం ఇవాళే చూశామయ్యా!" అన్నాడొకడు. మా బావ కూడా నవ్వాడు. అదే, అదే ఆయన్ని తినేసింది చివరిదాకా. తాను చేసినదానికంటే, నవ్వినందుకు. నవ్వుతూ నవ్వుతూ అద్దంలోకి చూశాడు. మాస్టారి కళ్ళ వెంట నీళ్ళు. ఆ ముఖం వెనక ఇంకో ముఖం, దాని వెనక ఇంకోటి, అన్నీ నోళ్ళు తెరుచుకుని, అన్నీ ఏడుస్తూ. ఇదంతా నాకెలా తెలుసంటావా? ఆయనే చెప్పాడు, ముక్కలు ముక్కలుగా, బతికున్నన్నాళ్ళూ. అద్దం సంగతి మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు.

అప్పుడేం చేశాడో తెలుసా? నోరు మూయించాలని గడ్డం కింద అరచెయ్యి పెట్టి పైకి నెట్టాడు. ఒకసారి కాదు. మాస్టారు గొంతులోంచి ఒక కూత వచ్చిందట, మాట కాదు, మాట ఎలా వస్తుంది? పెదాలు కలవవు. నోట్లోంచి చొంగ కారుతోంది. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు, దాని మీద చొంగ. బెంచీ మీద ఒక్కడూ నవ్వడం లేదిప్పుడు. బావ తువ్వాలు తీసి ఆయన ముఖానికి చుట్టాడు. నొప్పి తగ్గుతుందని కాదు, ఎవరికీ కనపడకుండా. వెనక తలుపులోంచి ఆస్పత్రికి నడిపించుకుపోయాడు. దారిలో ఎవరో పలకరించారు, ఏమైందని. "పన్ను నొప్పి" అన్నాడు మా బావ. పక్కనే ఆ మనిషి నడుస్తున్నాడు, తువ్వాలు కింద నోరు తెరుచుకుని, కాదని చెప్పలేక.

అక్కడ డాక్టరమ్మ ఆయన్ని పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టి తల గోడకి ఆనించింది. బొటనవేళ్ళకి గుడ్డ చుట్టుకుంది. ఎందుకంటే, దవడ చోటికి చేరిందంటే పళ్ళు టపీమని మూసుకుంటాయి, వేలు తెగుతుంది. వేళ్ళు నోట్లో పెట్టి వెనక పళ్ళ మీద కిందికి నొక్కింది. కిందికిరా! బాగా కిందికి నొక్కి, అప్పుడు వెనక్కి తోసింది. చోటికి చేరింది. మా బావ గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ చెప్పిందట, చెవి ముందర గుంటలో దవడ ఎముక గుండు కూర్చుంటుంది, మధ్యలో మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది, ఆ బిళ్ళ పక్కకి జారితేనే నమిలేటప్పుడు చప్పుడొచ్చేది. నోరు బాగా తెరిస్తే గుండు ముందున్న మిట్ట దాకా జారి మళ్ళీ వెనక్కొస్తుంది. మిట్ట దాటేసిందా, కండరాలు బిగిసి అక్కడే పట్టేస్తాయి. "పైకి నెట్టింది ఎవరు? ఇంకా బిగించేశారు కదా!" అంది. తర్వాత ఆవిడ మాస్టార్నడిగింది, ఇంతకుముందెప్పుడైనా ఇలా అయిందా అని. ఆయన పెదాలు కదిలీ కదలకుండా, "ఆవలిస్తే పట్టేసేదండీ. అటూ ఇటూ కదిపితే సర్దుకునేది" అన్నాడు. "మరి ఇతనికి చెప్పలేదా?" "అడగలేదండీ" అన్నాడు. కోపంగా అనలేదురా. మామూలుగా అన్నాడు. మా బావకి అక్కడే తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత తలకి కట్టు, మెత్తటి తిండి, వేడి కాపడం, రాత్రిపూట పళ్ళకి తొడుగు. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించుకోవాలి, నోరు మరీ తెరుచుకోకుండా. ఎంత జాగ్రత్తపడ్డా మళ్ళీ మళ్ళీ జారేది. క్లాసులో పిడికిలి పెట్టుకునే పాఠం చెప్పేవాడు, పిల్లలు వెనక బల్లల్లో పిడికిళ్ళు పెట్టుకుని ఆయనలా మాట్లాడేవాళ్ళు. సెలూన్ ముందు నుంచి వెళ్ళేవాడు కాదు, అవతలి వైపు నడిచేవాడు. గడ్డం పెంచాడు. ఏ సెలూన్‌కీ వెళ్ళలేదు మరి, ఆ ముఖం ఎవరి చేతికీ ఇవ్వలేకపోయాడు. మా బావ లోపల నుంచి చూసేవాడు. గడ్డాలు తీసి బతికే మనిషి, తనవల్ల ఒక గడ్డం పెరగడం చూశాడు. చెంపల మీదికి, మెడ మీదికి, తెల్లబడేదాకా.

మెటికలు మానేశాడు. "ఏం బావా, మెడ?" అంటే "చేతులు లాగుతున్నాయి" అనేవాడు. అబద్ధం. బెంచీ ఖాళీ అయింది. మా అక్క ఊరుకునేదా? "వెళ్ళి ఆ మాస్టారికి రెండు ముక్కలు చెప్పి రావయ్యా, నోరు పడిపోయిందా నీకు?" అని, వెంటనే నాలిక కరుచుకుంది. వెళ్ళాడులే. ఆయన ఇంటి గేటు మీద చెయ్యి కూడా వేశాడు. లోపల ఆయన భార్య "ఇంకొంచెం మెత్తగా మెదపనా?" అంటోంది. అది విని వెనక్కొచ్చేశాడు. చెప్పులు విడిచి గుమ్మంలో కూర్చుని, లోపలికి రాలేదు చాలాసేపు.

చివరికి ఒకరోజు ఆయనే వచ్చాడు. సెలూన్‌లో ఎవరూ లేరు. కుర్చీలో కూర్చున్నాడు. "రేపు ఆపరేషన్. చెవి ముందర కోసి ఆ మిట్ట చెక్కేస్తారట. గడ్డం తీయించుకుని రమ్మన్నారు" అన్నాడు. ఇంకెన్ని సెలూన్లు లేవు, ఇక్కడికే ఎందుకొచ్చాడో బావకి ఎప్పటికీ తెలియలేదు. అడగలేదు. కత్తెరతో కత్తిరించి, నురుగు రాసి, కత్తి పట్టుకున్నాడు. నీకు తెలుసుగా, దవడ కింద గీయాలంటే ఎడం చేత్తో ముఖం పట్టుకుని పైకెత్తాలి. బావ చెయ్యి లేపేలోగానే మాస్టారు తన పిడికిలి తెచ్చి తన గడ్డం కింద పెట్టుకున్నాడు. గట్టిగా, వేళ్ళు తెల్లబడేలా. అద్దంలో బావ వైపే చూస్తున్నాడు.

మా బావ ఆయన్ని ముట్టుకోలేదు. పిడికిలి చుట్టూ గీశాడు. చెంపలు, మీసం పక్కన, మెడ, అన్నీ కత్తి అంచుతోనే, ఒక వేలైనా తగలకుండా. అయిపోయింది. పిడికిలి కింద మాత్రం మిగిలిపోయింది, ఇంత గడ్డం, నురుగుతో సహా. "చెయ్యి తీస్తారా మాస్టారూ" అంటే చాలు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చిందట. కుర్చీ చుట్టూ తిరిగాడు, తువ్వాలు దులిపాడు, పటిక తీసి పెట్టాడు. నోరు రాలేదు. మాస్టారు లేచి, అలాగే, ఆ ముక్క గడ్డంతోనే వెళ్ళిపోయాడు. ఆస్పత్రిలో ఎవరో గీసేసి ఉంటారు. ఆపరేషన్ బాగానే అయింది, తర్వాత జారలేదు, పప్పులూ బఠాణీలూ నమిలాడని కూడా విన్నాం. సెలూన్‌కి మాత్రం మళ్ళీ రాలేదు. ఇంట్లోనే గీసుకునేవాడట.

బావ పోయే ముందు మంచంలో ఉన్నప్పుడు నేను గడ్డం గీద్దామని కూర్చుంటే, నా చెయ్యి పట్టుకుని ఆపి, "అడిగి గీయరా" అన్నాడు. అడిగాను. తల ఊపాడు. అప్పుడు గీశాను.

సరేలే. నువ్వు చెప్పు. నీ దవడ పట్టుకునే ముందు వాడు నిన్ను అడిగాడా?