కంప్యూటర్ వెనక ఎర్ర స్విచ్

నా పేరు గజ్జెల ఓబులయ్య. తండ్రి చిన్న ఓబన్న. వయసు ముప్పై ఎనిమిది. సొంతూరు కడప జిల్లాలో లక్కిరెడ్డిపల్లె దగ్గర ఒక పల్లె. ఐదేళ్లుగా దోహాలో, అల్ అజీజియాలోని ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్నాను. అంతకుముందు బావుల మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి.

ఈ రోజు, 1999 అక్టోబరు 14, గురువారం ఉదయం పది గంటలకు నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చాను. నేను తెలుగులో చెబుతుంటే అనువాదకుడు సురేందర్ రాస్తున్నాడు. జగిత్యాల మనిషి. "నువ్వు చెప్పింది చెప్పినట్టే రాస్త. తొందరపడకు," అన్నాడు.

నిన్న నేను పనిచేసే ఇంట్లో నిప్పు అంటుకుంది. కారణం పనిమనిషి మాబున్నీసా అని ఆమెను ఇక్కడికి తెచ్చారు. కంప్యూటర్ మీద నీళ్లు పోసిందన్నారు. ఆమెదీ మా కడప వైపే. ఆమె నీళ్లు పోయలేదు.

ఆ కంప్యూటర్ మా యజమాని తమ్ముడు జాసిం గారిది. ఆయన ఇంజనీరు. అందులో భవనాల ప్లాన్లు గీస్తారు. ఈ నెల మొదట్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించారు. దానితో భవనాన్ని తెర మీద బొంగరంలా తిప్పి చూడవచ్చు. నాకూ చూపించారు. కానీ రెండు తిప్పులు తిప్పగానే కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. వట్టి అక్షరాలు టైపు చేస్తే రోజంతా నడిచేది. తిప్పితేనే ఆగేది. ఎందుకు?

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇక్కడే దోహాలో కంప్యూటర్లు బాగుచేసే కృష్ణప్రసాద్‌కు ఫోను చేశాను. ఆయనది గుడివాడ.

"మోటారుకు కరెంటు చాలకపోతే ఏం చేస్తుందండీ?" అని ఆయనే నన్ను అడిగాడు.

"మూలుగుతాది."

"ఇదీ అంతే. కొత్త కార్డు బొమ్మ తిప్పేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. పాత పవర్ సప్లై పెట్టె ఇవ్వలేకపోతోంది. పెట్టె మీద చీటీ ఉంటుంది, చదవండి. మొత్తం వాట్లు చూసి సరిపెట్టుకోకండి. 3.3 వోల్టుల లైనులో ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడండి. ఆ కార్డు తినేది ఎక్కువగా అక్కడే."

చదివాను. పాత పెట్టె మొత్తం 145 వాట్లు. ఆ చిన్న లైనులో ఇచ్చేది మరీ తక్కువ. ఇంత పెద్ద పెట్టెలో అంత సన్నని దారి ఉంటుందని నాకు తెలియదు.

జాసిం గారి స్నేహితుడు అమెరికా నుంచి 300 వాట్ల పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఆదివారం, పదో తేదీ, మధ్యాహ్నం రెండు గంటలకు నేనే బిగించాను. కృష్ణప్రసాద్ ఫోనులో ఉన్నాడు.

"ఓబులయ్య గారూ, వెనక ఎర్ర స్విచ్ ఉంటుంది. అమెరికా కరెంటు 115. మనకిక్కడ 240. ఆ స్విచ్ మీద 230 కనబడాలి, 240కి అదే సరి. 115 కనబడితే ప్లగ్గు పెట్టకండి, పెట్టె పేలుతుంది. ఒకసారి మార్చాక ఇక ముట్టుకోకండి."

115 కనబడింది. స్క్రూడ్రైవరుతో 230కి జరిపాను. కంప్యూటర్ నడిచింది. భవనం తిరిగింది. జాసిం గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మౌసు నా చేతికిచ్చారు. మూడు రోజులు ఒక్కసారి కూడా ఆగలేదు.

నిన్న, బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు పక్క మూతకు మిగిలిన రెండు స్క్రూలు వేద్దామని ఆ గదిలోకి వెళ్లాను. గోడ స్విచ్ ఆపి ప్లగ్గు తీశాను. స్క్రూలు వేశాను. ఎర్ర స్విచ్ కనబడింది. అంత చిన్న ముక్క లోపల దేన్ని దేనితో కలుపుతుందా అనిపించింది. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. జరిపాను. చెవి పెట్టి విన్నాను. టక్కుమంది. 115 వచ్చింది. అంతలో ఇంటి యజమానురాలు కింద నుంచి, "యల్లా, ఓబూ, తొందరగా! బండి తియ్యి!" అని కేకేశారు. గబగబా ప్లగ్గు గోడకు పెట్టి దిగాను. గోడ స్విచ్ వేయలేదు. ఎర్ర స్విచ్ 115 మీదే ఉంది.

నాలుగున్నరకు మాబున్నీసా గది తుడిచి, రోజూ వేసినట్టే గోడ స్విచ్ వేసింది. పెట్టె పేలింది. నిప్పురవ్వలు పరదాకు అంటుకున్నాయి. ఆమె పరదాను చేత్తో గుంజి కింద పడేసి, తడిగుడ్డ వేసి తొక్కింది. కుడి అరచెయ్యి కాలింది. గది తుడిచే బకెట్టు చూసి అందరూ ఆమె నీళ్లు పోసిందన్నారు.

ఐదింటికి నేను తిరిగి వచ్చాను. అందరి వెనక నిలబడి చూశాను. 115 మీదే ఉంది. మాబున్నీసాను కారెక్కిస్తున్నారు. నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదని, అధికారి గారూ, మీరడిగారు. ఆ స్విచ్ ఏమిటో ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే విప్పలేదు. ఈ రోజు వచ్చింది కూడా అందుకే.

పదకొండున్నరకు మీరు జాసిం గారిని పిలిపించారు. ఆయన పేలిన పెట్టె తెచ్చారు. నేను ఆ అంకె చూపించి, కృష్ణప్రసాద్ హెచ్చరించిన మాట కూడా చెబితే జాసిం గారు, "ముట్టుకోవద్దన్నారు కదా. ఎందుకు ముట్టుకున్నావు?" అన్నారు.

"ఎట్ల పని చేస్తాదో చూద్దామని," అన్నాను.

ఆయన పెట్టెను బల్ల మీద పెట్టారు. కృష్ణప్రసాద్ పొద్దున డిస్కు తీసి చూసి ఫోను చేశాడనీ, ప్లాన్లున్న డిస్కు బాగుందన్నాడనీ చెప్పారు. మాబున్నీసా మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. నా ఉద్యోగం సంగతి అన్నగారితో మాట్లాడి చెబుతానన్నారు.

మాబున్నీసాను బయటికి తెచ్చారు. చేతికి కట్టు ఉంది. నాతో కోపంగా మాట్లాడుతుందనుకున్నాను.

"ఓబులన్నా, నేను తడిచెయ్యితో స్విచ్ ఏసినందుకే పేలిందనుకున్యా. నావల్లనే అనుకున్యా," అంది.

"కాదు మాబున్నక్కా. నీది కాదు."

"ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను.

సురేందర్ ఇదంతా నాకు చదివి వినిపించాడు. ఒక మాట కలపమన్నాను: ఆ పెట్టెను పారేసే ముందు ఒక్కసారి మూత విప్పి, లోపల ఏది కాలిందో చూడనివ్వాలని. మీరు నవ్వలేదు. రాసుకోమన్నారు.

పైన ఉన్నది నా నోటి మాట. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. జరిగిందే చెప్పాను, దాచింది లేదు.

(సంతకం) గ. ఓబులయ్య